గెలిచినా దక్కని చోటు

పరుగుపందెంలో గీతను ముందు దాటినవాడే విజేత. కబడ్డీలో ప్రతి కూతకూ పాయింట్ల లెక్క అక్కడికక్కడే తేలుతుంది. గెలుపోటములకు మైదానమే సాక్షి, మైదానమే న్యాయస్థానం అని సామాన్యంగా భావిస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విశ్వవిద్యాలయాల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీల విషయంలో ఈ భావన పూర్తిగా నిలవదు. అక్కడ ఒక జట్టు ఆడిన ప్రతి ఆటా గెలిచి కూడా అంతిమ పోటీలకు నోచుకోకపోవచ్చు. అలా జరిగిన సందర్భాలు ఒకటి కాదు, అనేకం. చోటు ఎవరికి దక్కాలన్నది ఒక సంఘం తలుపులు మూసుకుని తీసుకునే నిర్ణయం. అది న్యాయమా, అన్యాయమా అనే వాదం ఏటా డిసెంబరులో అమెరికా అంతటా చెలరేగుతుంది.

ఈ ఫుట్‌బాల్ మన విద్యార్థులు ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పదకొండుమంది చొప్పున రెండు జట్లు దానిని చేతులతో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఎదుటివారి హద్దు దాటించడానికి పోరాడతాయి. ఎత్తు వేసి బంతిని నడిపించే ఆటగాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకు అతడే మెదడు. వృత్తి క్రీడాకారుల పోటీలు వేరుగా ఉన్నా, విశ్వవిద్యాలయాల ఆటకు అక్కడ ఉన్న ఆదరణ అసాధారణం. లక్షమంది కూర్చునే క్రీడాంగణాలు కొన్ని విద్యాలయాలకు ఉన్నాయి. అరిజోనా స్టేట్ వంటి విశ్వవిద్యాలయాలలో ఉన్నత విద్య అభ్యసించే తెలుగు విద్యార్థులకు శరదృతువులోని శనివారాల సందడి సుపరిచితమే.

అగ్రశ్రేణిలో ఆడే విశ్వవిద్యాలయాలు నూటముప్పైకి పైగా ఉన్నాయి. ఒక్కొక్క జట్టు ఒక సీజనులో సాధారణంగా ఆడేది పన్నెండు ఆటలే. శరీరాలు ఢీకొనే ఆట కనుక వారానికి ఒకటికి మించి ఆడటం కష్టం. అంటే ఏ జట్టయినా మిగిలినవాటిలో పదోవంతును కూడా ఎదుర్కోలేదు. ఎన్నడూ తలపడని రెండు జట్లలో ఏది మిన్న అన్న ప్రశ్నకు మైదానం సమాధానం చెప్పలేదు. ఎవరో ఒకరు ఊహించి చెప్పాలి. వివాదమంతా ఇక్కడే పుట్టింది.

తొలి రోజుల్లో ఈ ప్రశ్నను ఎవరూ అంత పట్టించుకోలేదు. 1902లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో రోజ్ బౌల్ అనే పోటీ జరిగింది. క్రమంగా ఇతర నగరాలు కూడా నూతన సంవత్సర వేళల్లో ఇటువంటి పోటీలు ఏర్పాటుచేశాయి. వాటికి బౌల్ పోటీలని పేరు. యాత్రికులను రప్పించి ఊరికి వ్యాపారం తేవడమే వాటి ఉద్దేశం కాని, దేశంలో ఉత్తమ జట్టును తేల్చడం కాదు. 1936 నుండి అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ పత్రికా విలేకరుల ఓట్లతో జట్లకు వరుస కట్టసాగింది. 1950లో శిక్షకుల ఓట్లతో మరొక జాబితా వచ్చింది. రెండు జాబితాలు ఒక్క జట్టునే మొదట నిలిపితే చిక్కులేదు. 1997 సీజనులో విలేకరులు మిచిగన్‌ను, శిక్షకులు నెబ్రాస్కాను విజేతలన్నారు. రెండూ ఓటమి ఎరుగనివే. అవి ఒకదానితో ఒకటి తలపడే అవకాశమే రాలేదు.

ఈ చిక్కు విడదీయడానికి 1998లో బౌల్ చాంపియన్‌షిప్ సిరీస్ అనే విధానం వచ్చింది. ఓట్లను, కంప్యూటర్ల లెక్కలను కలిపి మొదటి రెండు జట్లను తేల్చి, వాటి మధ్య అంతిమ పోటీ పెట్టాలన్నది ఆలోచన. యంత్రానికి పక్షపాతం ఉండదు కదా అని పలువురు సంతోషించారు. ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. 2003లో విలేకరులూ శిక్షకులూ కూడా మొదటి స్థానమిచ్చిన సదరన్ కాలిఫోర్నియా జట్టును ఆ లెక్క మూడో స్థానానికి నెట్టింది. మరుసటి ఏడాది ఆబర్న్ జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండానే అంతిమ పోటీకి దూరమైంది. పైగా ఆ కంప్యూటర్ లెక్కలలో చాలావాటి సూత్రాలు బహిరంగం కావు. 2010లో ఒక లెక్కలో పొరపాటు దొర్లిందనీ, దానివల్ల రెండు జట్ల స్థానాలు తారుమారయ్యాయనీ బయటపడింది. గమనింపదగిన సంగతి ఏమంటే, సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టిన లెక్క అదొక్కటే. కనుకనే దానిలోని తప్పు దొరికింది. దాచిన లెక్కల్లో ఎన్ని తప్పులున్నాయో దొరికే వీలే లేదు.

అసంతృప్తి చట్టసభల దాకా పాకింది. 2008 సీజనులో అజేయంగా నిలిచి, బలమైన అలబామాను 31-17 తేడాతో ఓడించిన యూటా జట్టుకు కూడా జాతీయ పోటీలో చోటు దక్కలేదు. ఆ రాష్ట్ర ప్రతినిధి ఓరిన్ హాచ్ చొరవతో 2009లో సెనేటు ఉపసంఘం ఈ విషయమై విచారణ జరిపింది. దేశాధ్యక్షుడిగా ఎన్నికైన కొద్దిరోజులకే బరాక్ ఒబామా సైతం ఎనిమిది జట్ల పోటీ పెట్టాలని అభిప్రాయపడ్డాడు. చివరకు 2014 నుండి నాలుగు జట్ల ప్లేఆఫ్ అమలులోకి వచ్చింది. కంప్యూటర్లు పోయి, పదమూడుగురు సభ్యుల ఎంపిక సంఘం వచ్చింది. విశ్వవిద్యాలయాల క్రీడావిభాగాల అధిపతులు, పూర్వ శిక్షకులు, పూర్వ క్రీడాకారులు ఇందులో సభ్యులు.

సంఘానికి నిర్దేశించిన మాట ఒక్కటే: అత్యుత్తమమైన జట్లను ఎంపిక చేయాలి. అందుకు చూడవలసిన అంశాలూ చెప్పారు. కూటమిలో విజేతగా నిలిచిందా, ఎదుర్కొన్న ప్రత్యర్థులు ఎంత బలవంతులు, పోల్చే రెండు జట్లు పరస్పరం తలపడ్డాయా, ఉమ్మడి ప్రత్యర్థులపై ఎవరు ఎలా ఆడారు అన్నవి అందులో ముఖ్యం. ముఖ్యమైన ఆటగాళ్లు గాయపడి అందుబాటులో లేకపోవడం వంటి పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధన ఉంది. దాదాపు పదేళ్ల పాటు ఈ చివరి మాటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

2023 నవంబరు 18న ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అప్పటికి ఆ జట్టుకు ఓటమి లేదు. సీజను ఆరంభంలోనే లూయిసియానా స్టేట్ వంటి గట్టి జట్టును 45-24 తేడాతో ఓడించింది. ట్రావిస్ లేకుండా ఫ్లోరిడాపై 24-15తో గెలిచింది. అతడి స్థానంలో దిగినవాడికీ దెబ్బ తగలడంతో, కూటమి అంతిమ పోటీలో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు బంతి నడిపాడు. అయినా లూయివిల్‌ను 16-6తో ఓడించి, పదమూడుకు పదమూడు ఆటలు గెలిచి, అట్లాంటిక్ కోస్ట్ కూటమి విజేతగా నిలిచింది. అదే రోజు అలబామా జట్టు, వరుసగా ఇరవైతొమ్మిది ఆటలు గెలిచి ఉన్న జార్జియాను 27-24తో ఓడించి సౌత్ఈస్టర్న్ కూటమి విజేత అయింది. కాని అలబామా ఆ ఏడాది సెప్టెంబరులో తన సొంత మైదానంలోనే టెక్సాస్ చేతిలో ఓడింది.

డిసెంబరు 3న సంఘం తన నిర్ణయం ప్రకటించింది. మిచిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామా. ఐదో స్థానం ఫ్లోరిడా స్టేట్‌ది. ఒక ప్రధాన కూటమి విజేత, ఒక్క ఓటమి అయినా లేని జట్టు, ఎంపిక కాకపోవడం నాలుగు జట్ల విధానంలో అదే మొదటిసారి. తన కాలు ఇంకా ముందే విరిగి ఉంటే, ఈ జట్టు తనొక్కడి వల్ల నడవడం లేదని సంఘానికి తెలిసివచ్చేదని ట్రావిస్ బహిరంగంగా బాధపడ్డాడు. గాయపడిన ఒక యువకుడు తన గాయం ఆలస్యంగా అయినందుకు వగచే స్థితిని ఏ నిబంధనావళీ ముందుగా ఊహించి ఉండదు.

పూర్వపక్షంగా సంఘం వాదాన్నే మొదట పరిశీలించాలి. ఎంపిక చేయవలసింది గత వైభవాన్ని కాదు, నేటి బలాన్ని. క్వార్టర్‌బ్యాక్‌ను కోల్పోయిన జట్టు నవంబరు మొదటివారంలో ఉన్న జట్టు కాదు. చివరి రెండు ఆటల్లో అది బంతిని ముందుకు నడపడానికి పడిన ప్రయాస కళ్లకు కనబడింది. అలబామా మాత్రం ప్రతివారం మెరుగవుతూ వచ్చి, దేశంలో మొదటి స్థానంలో ఉన్న జట్టును ఓడించింది. ఈ రెండూ రేపు తలపడితే గెలుపెవరిదని అడిగితే, నిష్పక్షపాతి కూడా అలబామాదే అని చెప్పి ఉండేవాడు. గాయాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధన స్పష్టంగా చెబుతున్నప్పుడు, తీసుకున్నందుకు సంఘాన్ని నిందించడం తగదు. ఈ వాదంలో పస లేకపోలేదు.

ఎదుటి పక్షం ఇలా ప్రశ్నించింది. రేపటి గెలుపును ఊహించడమే కొలమానమైతే, మూడు నెలలపాటు ఆటలు ఆడించడం దేనికి? జట్టు అంటే ఒక్క ఆటగాడు కాదు. వెన్నెముక వంటివాడు పడిపోయినా మిగిలినవారు నిలిచి గెలిచారంటే అది వారి బలానికి రుజువే గాని బలహీనతకు కాదు. ఓడిన జట్టును గెలిచిన జట్టుకన్నా ముందు నిలపడానికి కారణం ఊహ ఒక్కటే కారాదు.

రెండు పక్షాలూ న్యాయం అనే ఒక్క మాటనే వాడుతున్నా, వారి అర్థాలు వేరు. ఒకరికి న్యాయం అంటే ఉత్తముణ్ణి గుర్తించడం. మరొకరికి న్యాయం అంటే సాధించినవాడికి ఫలం దక్కడం. సంవత్సరమంతా మొదటి స్థానంలో నిలిచిన విద్యార్థి పరీక్షనాడు జ్వరంతో కొన్ని మార్కులు పోగొట్టుకుంటే బహుమతి ఎవరికివ్వాలి అన్న ప్రశ్న వంటిదే ఇది. అయితే ఫ్లోరిడా స్టేట్ పరీక్ష కూడా తప్పలేదు. జ్వరంతోనే రాసి నెగ్గింది. ఈ కారణంచేత రెండో పక్షం వాదమే బలమైనదని చెప్పక తప్పదు. జరగబోయే ఆట మీది అంచనాతో జరిగిన ఆటల ఫలితాన్ని పక్కకు నెట్టడం పందెం కాసేవారికి తగును గాని, న్యాయనిర్ణేతలకు తగదు.

తరువాత జరిగిన ఆటలను రెండు పక్షాలూ తమకు అనుకూలంగానే చెప్పుకున్నాయి. ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63-3 తేడాతో జార్జియా చేతిలో చిత్తయింది. చూశారా, అని సంఘాన్ని సమర్థించేవారు అన్నారు. నిజానికి నిరాశచెందిన ఆ జట్టులోని ప్రధాన ఆటగాళ్లు అనేకులు ఆనాడు మైదానంలోకే దిగలేదు. అలబామా కూడా మిచిగన్ చేతిలో అదనపు సమయంలో 27-20 తేడాతో ఓడింది. ఈ ఫలితాలు ఏ పక్షాన్నీ నిరూపించవు.

వివాదానికి మరొక వేరు ఉంది. అది ఇంకా లోతైనది. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆడిన ప్రతి ఆటా గెలిచినా, సంఘం దానిని పన్నెండో స్థానంలో ఉంచింది. ఆబర్న్ జట్టు ఆ సంవత్సరం అలబామాను, జార్జియాను కూడా ఓడించింది. ఆ ఆబర్న్‌ను సెంట్రల్ ఫ్లోరిడా బౌల్ పోటీలో 34-27 తేడాతో ఓడించింది. జాతీయ అంతిమ పోటీలో తలపడినవి మాత్రం అలబామా, జార్జియాలే. సెంట్రల్ ఫ్లోరిడాకు చోటు లేకపోవడానికి చెప్పిన కారణం దాని ప్రత్యర్థులు బలహీనులని. బలవంతులతో ఆడే అవకాశం మాత్రం దాని చేతిలో లేదు. ఎవరు ఎవరితో ఆడాలన్నది చాలావరకు కూటమిని బట్టి నిర్ణయమవుతుంది. మిగిలిన కొద్ది ఆటలకు ఒప్పందాలు ఏళ్ల ముందే కుదురుతాయి. పెద్ద జట్టుకు చిన్న జట్టుతో ఆడితే గెలిచినా గౌరవం పెరగదు, ఓడితే పరువు పోతుంది. అందుచేత పిలిచినా రాదు. బలవంతులతో ఆడలేదని నిందించేవారే ఆడటానికి నిరాకరించేవారు కావడం ఇక్కడి విచిత్రం.

కాన్ఫరెన్సు అని అక్కడివారు పిలిచే ఈ కూటములు మొదట ఇరుగుపొరుగు విద్యాలయాల కలయికలు. రైలులో వెళ్లి ఆడి రావడానికి వీలైన దూరాలే వాటి హద్దులు. 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ స్థితిని మార్చివేసింది. అంతవరకు ఏ ఆట టెలివిజన్‌లో రావాలో జాతీయ కళాశాల క్రీడాసంఘం నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దీనిని సవాలు చేశాయి. ఆ నియంత్రణ పోటీ వ్యాపారాన్ని అడ్డుకుంటోందని ఏడుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, ఇద్దరు విభేదించారు. విభేదించినవారిలో బైరన్ వైట్ ఒకరు. ఆయన స్వయంగా కొలరాడో విశ్వవిద్యాలయపు ప్రసిద్ధ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. విద్యాలయాల క్రీడను కేవలం వ్యాపారంగా చూడరాదన్నది ఆయన అభిప్రాయం. ఆ నాటినుండి ప్రసార హక్కుల బేరం విద్యాలయాల చేతికి, కూటముల చేతికి వచ్చింది. ఎక్కువమంది చూసే జట్లున్న కూటమికి ఎక్కువ ధనం. ఎక్కువ ధనమున్న కూటమిలోకి పేరున్న జట్ల వలస.

ఆ వలస 2024లో పరాకాష్ఠకు చేరింది. టెక్సాస్, ఓక్లహోమాలు సౌత్ఈస్టర్న్ కూటమిలో చేరాయి. పసిఫిక్ తీరాన ఉన్న సదరన్ కాలిఫోర్నియా, లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఓరెగన్, వాషింగ్టన్ జట్లు మధ్యపశ్చిమ ప్రాంతపు బిగ్ టెన్ కూటమికి వెళ్లాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విద్యాలయాలు అట్లాంటిక్ కోస్ట్ కూటమిలో చేరాయి. పసిఫిక్ అలల చప్పుడు వినబడే చోట ఉన్నవారు అట్లాంటిక్ తీరవాసులయ్యారు! పేరులో పది ఉన్న కూటమిలో నేడు పద్దెనిమిది జట్లు, పన్నెండు ఉన్నదానిలో పదహారు. ఇక 1915 నాటి మూలాలున్న పాక్-12 కూటమిలో మిగిలినవి రెండే: ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

ఆ రెండూ ఆటలో ఓడి మిగిలిపోలేదు. కార్వాలిస్, పుల్‌మన్ అనే చిన్న పట్టణాలలో అవి ఉన్నాయి. పెద్ద నగరపు ప్రేక్షకులు లేకపోవడం వాటి లోపం. రెండూ వ్యవసాయ, సాంకేతిక విద్యలకోసం ప్రభుత్వం భూములిచ్చి ప్రోత్సహించిన విద్యాలయాల కోవకు చెందినవి. కూటమి ఆస్తులపై, పాలనపై హక్కుకోసం అవి న్యాయస్థానానికి వెళ్లి 2023 చివర గెలిచాయి. కాని ఏ న్యాయస్థానమూ వాటికి పాత ప్రత్యర్థులను తిరిగి ఇప్పించలేకపోయింది.

ఈ వలసల భారం ఫుట్‌బాల్ ఆడేవారికన్నా ఇతర క్రీడల విద్యార్థులపై ఎక్కువ పడింది. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒకసారి ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే విద్యార్థినులకు ఆటలు ఎక్కువ, ఆదాయం తక్కువ. లాస్ ఏంజలెస్ నుండి న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి దూరం దాదాపు నాలుగువేల కిలోమీటర్లు, గడియారంలో తేడా మూడు గంటలు. ఆడి, తిరిగివచ్చి, మర్నాడు తరగతికి హాజరు కావలసినవారు ఆ ఒప్పందాల మీద సంతకం చేసినవారు కారు.

ప్లేఆఫ్‌ను విస్తరిస్తే అన్యాయం తగ్గుతుందని ఆశించారు. 2024 నుండి పన్నెండు జట్లకు చోటు కల్పించారు. కూటమి విజేతలలో సంఘం అగ్రస్థానాలిచ్చిన ఐదింటికి ప్రవేశం ఖాయం, మిగిలిన ఏడు సంఘం ఇష్టం. దీనివల్ల చిన్న కూటమికి ఒక తలుపైనా తెరుచుకుంది. అది మేలే. మొదటి ఏడాది తొలి విడత ఆడనక్కరలేని అవకాశాన్ని నలుగురు కూటమి విజేతలకే ఇచ్చారు. దాంతో తొమ్మిదో స్థానంలోని బోయిసీ స్టేట్, పన్నెండో స్థానంలోని అరిజోనా స్టేట్ తమకన్నా పైనున్నవారిని దాటి ఆ లాభం పొందాయి. పెద్ద కూటములు ఒప్పుకోలేదు. 2025లో ఆ నిబంధన పోయింది.

అయినా వాదం ఆగలేదు. 2025లో నోటర్ డేమ్, మయామీ జట్లు రెండూ పది గెలుపులు, రెండు ఓటములతో సమంగా ఉన్నాయి. సీజను ఆరంభంలో మయామీ 27-24తో నోటర్ డేమ్‌ను ఓడించింది. ఐనా వారాల తరబడి సంఘం నోటర్ డేమ్‌నే పైన ఉంచింది. చివరి వారాంతంలో ఆ రెండు జట్లూ ఆడనే లేదు. కాని డిసెంబరు 7న వాటి స్థానాలు మారాయి. మయామీకి చోటు, నోటర్ డేమ్‌కు నిరాశ. మధ్యలో ఉన్న బ్రిగమ్ యంగ్ జట్టు ఓడి కిందికి జారడంతో ఇవి రెండూ పక్కపక్కకు వచ్చాయనీ, అప్పుడే పరస్పర పోటీ ఫలితాన్ని చూశామనీ సంఘం వివరించింది. ఫలితం సరైనదే. దానికి చేరిన దారి మాత్రం ఎవరికీ నచ్చలేదు. ఆగస్టులో జరిగిన ఆట ఫలితం డిసెంబరు దాకా ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకు ఆ వివరణలో జవాబు లేదు. నోటర్ డేమ్ ఆ ఏడాది మరే బౌల్ పోటీలోనూ ఆడబోమని ప్రకటించింది. అంచున నిలిచి లోపలికి వచ్చిన మయామీ జాతీయ అంతిమ పోటీ వరకు వెళ్లి, 27-21 తేడాతో ఇండియానా చేతిలో ఓడింది.

అదే ఏడాది అట్లాంటిక్ కోస్ట్ కూటమి విజేత డ్యూక్ జట్టుకు ఐదు ఓటములు ఉండటంతో చోటు దొరకలేదు. చిన్న కూటముల నుండి టులేన్, జేమ్స్ మాడిసన్ జట్లు రెండూ వచ్చాయి. తొలి విడతలోనే అవి 41-10, 51-34 తేడాలతో ఓడాయి. వీటికి చోటిచ్చి పెద్దవారిని వదిలారని విమర్శలు వచ్చాయి. అలబామా వంటి అగ్రజట్లు కూడా ప్లేఆఫ్‌లలో భారీ తేడాలతో ఓడిన రోజులున్నాయి. అప్పుడు వారి అర్హతను ఎవరూ ప్రశ్నించలేదు. జేమ్స్ మాడిసన్ అగ్రశ్రేణిలో అడుగుపెట్టింది 2022లో మాత్రమే.

ఇక రానున్న కాలానికి కుదిరిన ఒప్పందం ప్రకారం 2026 నుండి ప్లేఆఫ్ ఆదాయంలో సుమారు 29 శాతం చొప్పున బిగ్ టెన్, సౌత్ఈస్టర్న్ కూటములకే చెందుతుంది. పోటీ స్వరూపాన్ని నిర్ణయించడంలోనూ వాటిదే పైచేయి. తమ రెండు కూటములకు నాలుగేసి చోట్లు ముందుగానే కేటాయించాలన్న ప్రతిపాదన 2025లో బిగ్ టెన్ నుండి వచ్చింది. ఇతర కూటములు దానిని గట్టిగా వ్యతిరేకించాయి. జట్ల సంఖ్యను పదహారుకు పెంచాలా, ఇరవైనాలుగుకా అన్న విషయంలో ఆ రెండు పెద్దల మధ్యనే ఏకాభిప్రాయం కుదరక, 2026 సీజనుకు కూడా పన్నెండు జట్ల విధానాన్నే కొనసాగించాలని తీర్మానించారు. ఒంటరిగా మిగిలిన ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఈలోగా బోయిసీ స్టేట్ మొదలైన జట్లను కలుపుకొని తమ పాత కూటమిని తిరిగి నిలబెట్టుకునే పనిలో పడ్డాయి.